బీరువా కింది నేల

నాంపల్లి స్టేషన్ పార్సిల్ ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు పనిచేసినవాణ్ణి. నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు వచ్చిన ఏనుగు పిల్ల వ్యాగన్‌లోంచి దిగనని మొండికేస్తే, చెవి పట్టుకుని ప్లాట్‌ఫారం మీదికి నడిపించిన చెయ్యి ఇది. కాబట్టి మొన్నటి ఎండాకాలం మా హాల్లోని టేకు బీరువాను, డెబ్బై ఆరేళ్ల వయసులో, నేనొక్కణ్ణే ఒక్క తోపుతో ఈ గోడ నుంచి ఆ గోడకు జరిపానంటే నమ్మడానికి మీకేమీ కష్టం ఉండకూడదు. చదివింది మెదక్ అవతల పల్లెలో, మిషన్ బడిలో, ఐదో తరగతి. అబద్ధం రాసేంత చదువు నాకు అబ్బలేదు.

బీరువా ఎందుకు జరపాల్సి వచ్చిందో చెబుతాను.

ఈస్టర్ ఆదివారం. మా గుడిలో ప్రభువు బల్ల దగ్గర భార్యాభర్తలు పక్కపక్కనే మోకరిస్తారు. మా ఆవిడ మాబెల్ బల్ల ముందున్న కటకటాల దగ్గర మోకాళ్లూని రొట్టె తీసుకుంది, ద్రాక్షారసం తీసుకుంది, ఆమెన్ అంది. లేవలేదు. రెండోసారి కూడా ఆమెన్ అంది, అదేమైనా సాయపడుతుందేమోనని. వెనక తర్వాతి వరుస వాళ్లు వచ్చి నిలబడ్డారు. చివరికి మా మేడ మీద ఉండే జిప్పోరా, ఇంకొకామె చెరో రెక్కా పట్టి ఆమెను లేపారు. పక్కనే మోకరించి ఉన్న నేను ఎలా లేచానన్నది ప్రస్తుతానికి అప్రస్తుతం.

ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు గుమ్మం దగ్గర చాలా మర్యాదగా చెప్పారు. “అమ్మా, ఇకమీదట మీరు ముందుకు రావద్దు. మీ బెంచీ దగ్గరికే తెస్తాం.”

మాబెల్ తల ఊపింది. ఇల్లు చేరాక చెప్పులు విడిచి, పర్సు మేకుకు తగిలించి, అప్పుడంది.

“కూసొని తీసుకోను.”

“దేవుడేమన్న అనుకుంటడా?” అన్నాను.

“దేవుడు అనుకోడు. నేననుకుంట. ముప్పై ఏండ్లు మూడో తరగతి పిల్లలకు లెవ్, నిలబడు అని చెప్పిన. ఇప్పుడు నన్ను కూసో అంటున్రు.”

గోడ మీది క్యాలెండర్ తిప్పింది. మా గుడిలో నెలనెలా మొదటి ఆదివారమే బల్ల; జూలై మొదటి ఆదివారానికి ఎర్ర పెన్నుతో సున్న చుట్టింది. మే నెల బల్లకు పోలేదు, జూన్ నెల బల్లకు పోలేదు. వెనక బెంచీలో కూర్చుని పాటలు మాత్రం అందరికంటే గట్టిగా పాడింది. నేను కూడా కదలకుండా ఆమె పక్కనే కూర్చున్నాను. భార్య కోసం ప్రభువు బల్లనే మానుకున్న మొగుడు ఆబిడ్స్‌లో ఇంకొకడు ఉంటే చూపించండి.

ఎముకల డాక్టరు ఆపరేషన్‌కు తొందరేమీ లేదన్నాడు. తొడ కండరాలు గట్టిపడితే మోకాళ్లు వాటంతటవే దారికొస్తాయి, యోగా చేయండి అని ఒక నంబరిచ్చాడు. ఆ నంబరు రశ్మిది. బేగం బజార్‌లో వాళ్లది మిరియాలు, యాలకుల దుకాణం. ఫోన్లో ఆ పిల్ల మాటల వెనక ఎవరో ధనియాల బస్తా గురించి గొడవ పడుతున్నారు.

“ఇంటికే వస్త ఆంటీ. సోమవారం పొద్దున ఆరింటికి. కాని నాలుగు ఉండాలె. ఒకటి, ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు నేల ఖాళీగుండాలె. రెండు, ఆ దిక్కు ఒక కిటికీ తెరిచి ఉండాలె. మూడు, బట్టలు వదులుగుండాలె, చీర వద్దు. నాలుగు, కడుపుల ఏం పడొద్దు, చాయ్ గూడ.”

మాబెల్ ఇవన్నీ పాత క్యాలెండర్ కాగితం వెనక అంకెలు వేసి రాసుకుంది. రాసి, కళ్లజోడు తీసి, నన్ను చూసింది.

“నాలుగు ప్రశ్నలు. అన్నిటికి జవాబు రాయాలె. ఛాయిస్ లేదు.”

మాది పెద్ద పోస్టాఫీసు వెనక సందులో మొదటి అంతస్తు, కిరాయి ఇల్లు. హాల్లో టేకు బీరువా, దివాన్, భోజనాల బల్ల, కుట్టు మిషను, నా పడక కుర్చీ ఉంటాయి. మిగిలిన చోట్లో ఇద్దరు నిలబడొచ్చు. మూడో మనిషి వస్తే ఒకరు వంటింట్లోకి పోవాలి. కిటికీ కూడా ఉంది. అది బీరువా వెనక ఉంది. ఈ ఇంట్లోకి దిగిన రోజున హమాలీలు బీరువాను కిటికీకి అడ్డంగా దించి పోయారు. ఇరవై ఆరేళ్లు అది అలాగే ఉంది. కిటికీ ఉన్న సంగతి ఇంటి ఓనరు కూడా మరిచిపోయి ఉంటాడు.

ముందు మూడో ప్రశ్న తేలింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి మాబెల్ చీర తప్ప కట్టలేదు. కొత్తవి కొందామని జిప్పోరా ఆమెను ఆబిడ్స్‌లో నాలుగు షాపులు తిప్పింది. అద్దం ముందు నిలబడాలనేసరికి మా ఆవిడ నాలుగు షాపుల్లోంచీ బయటికొచ్చేసింది. ఇంటికొచ్చి, బడికి ఇన్‌స్పెక్టర్ వచ్చే రోజున మాత్రమే కట్టుకునే బూడిద రంగు చీర బయటికి తీసింది. కత్తెర పట్టింది. సాయంత్రానికి ఒక పైజామా, దాని మీదికి మోకాళ్లు దాటే జుబ్బా తయారయ్యాయి. వేసుకుని గది తలుపు తీయడానికి ఇంకో అరగంట పట్టింది.

“ఇన్‌స్పెక్టర్ ఇప్పుడు చూడాలె టీచరమ్మా,” అన్నాను. “నిలబెట్టి ఇంక్రిమెంటు ఇస్తడు.”

“మీరు నోరు మూసుకుంటె మీకు నేనిస్త,” అంది.

శనివారం బీరువా పని. మాబెల్ పొద్దుటి నుంచే అరలు ఖాళీ చేస్తోంది. మిషన్ దొరసాని ఇచ్చిన పింగాణీ కప్పులు, రగ్గులు, మా పెళ్లి సర్టిఫికెట్టు, ఎందుకు దాచుకున్నామో ఇద్దరికీ తెలియని ఎనిమిది గొడుగులు. ఖాళీ చేయక్కర్లేదు, నేనున్నాగా అన్నాను. జిప్పోరా అప్పుడే దిగి వచ్చింది. ఆమె ముందు ఏనుగు కథ ఇంకోసారి చెప్పి, లుంగీ ఎగ్గట్టి, భుజం ఆనించి ఒక్క తోపు తోశాను.

కిర్రుమంది. బీరువా కదిలిందనుకున్నాను. నా నడుము.

మొదట్లో రాసిన వాక్యం ఒకటి ఇక్కడ సవరించుకుందాం. బీరువాను జరిపింది ముగ్గురు. మాబెల్, జిప్పోరా, మెట్ల కింద ఇస్త్రీ చేసే బిచ్చయ్య. నేను దివాన్ మీద వెల్లకిలా పడుకుని సలహా ఇచ్చాను. సలహాను మాత్రం తీసిపారేయకండి. బరువైన పెట్టెను తోయకూడదు, ఎత్తకూడదు. పెట్టెను ఒక వైపు నాలుగు వేళ్ల మేర వంచి, కిందికి తడి గోనెసంచి దూర్చి, రెండో వైపూ అలాగే చేసి, ఆ గోనెను లాగాలి. పార్సిల్ ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు మేం చేసింది అదే. తోసే ముందు గుర్తుకు రాలేదు, అంతే. బిచ్చయ్య గోనె పట్టి లాగాడు, ఆడవాళ్లిద్దరూ వెనక నుంచి ఆనారు. బీరువా పెళ్లికూతురిలా మెల్లగా నడిచిపోయింది.

“అన్నా,” అంది జిప్పోరా చీర కొంగుతో చెమట తుడుచుకుంటూ, “ఏనుగును గూడ గోనె మీదనే దించినవా?”

నేను నడుము నొప్పి ఎక్కువైనట్టు కళ్లు మూసుకున్నాను.

మళ్లీ తెరిచేసరికి అందరూ నేలకేసి చూస్తున్నారు. హాలంతా అరిగి మట్టి రంగుకు తిరిగిన నేల. బీరువా ఉన్న చోట మాత్రం ఎర్ర పలకలు, వాటి మధ్య నల్ల పూలు, నిన్న పరిచినట్టు. కిటికీ తలుపులు బిచ్చయ్య సుత్తితో కొడితే ఊడొచ్చాయి. వెలుతురు నేరుగా వచ్చి ఆ పూల మీద పడింది. మాబెల్ కుట్టు మిషను సొరుగులోంచి టేపు తీసి, వంగలేక, జిప్పోరా చేత కొలిపించింది.

“ఆరు అడుగులు. ఇటు రెండున్నర.”

“అరడుగు తక్కువొచ్చింది,” అంది మాబెల్.

“నువ్వంత లావు లేవులే,” అన్నాను.

నాలుగో ప్రశ్న సోమవారం పొద్దుటిది, ఆలోపే ఒక తప్పు జరిగింది. ఆ తప్పు నాది, మా గుడి వాళ్లందరిది. మాలో ఎవరి ఇంట్లోనైనా, ఫలానా రోజు, ఫలానా వేళకు, ఎవరో బయటి నుంచి వస్తారంటే అది గృహకూడికే, ఇంట్లో పెట్టుకునే ప్రార్థన కూటం. ఇంకో రకం కార్యక్రమం ఇళ్లల్లో జరగగలదని మాకు తోచదు. ఆదివారం గుడి ఆవరణలో నేను జిప్పోరాతో, “రేపు ఆరింటికి మా ఇంట్ల. బేగం బజార్ నుంచి వస్తున్నది. మంచిగ చెప్తదట,” అన్నాను. చుట్టుపక్కల నలుగురు విన్నారు. యోగా అన్న మాట అయ్యగారి చెవిన పడకూడదని మింగేశాను. జిప్పోరాకు సంగతి తెలుసు. కానీ ఆమె మా గుడి ఆడవాళ్ల సంఘం స్త్రీల మైత్రికి కార్యదర్శి. ఎవరైనా, “సిస్టర్, రేపు ఎన్నింటికి?” అని అడిగితే ఆమె నోటి నుంచి టైము రావాల్సిందే. వచ్చింది.

సోమవారం ఐదూ ముప్పావుకు తలుపు తీస్తే, పదకొండు మంది ఆడవాళ్లు. చంకలో బైబిలు, చేతిలో పాటల పుస్తకం. ఇద్దరు గుడి ప్లాస్టిక్ కుర్చీలు కూడా మోసుకొచ్చారు. ఐదు నిమిషాల్లో ఆ కుర్చీలు ఎర్ర నేలను కప్పేశాయి. ఇంకా వింతేమిటంటే వంటింట్లో పెద్ద గిన్నెలో చాయ్ మరుగుతోంది.

“కడుపుల ఏం పడొద్దన్నది గదా,” అన్నాను మెల్లగా.

“అది నాకు,” అంది మాబెల్. “వచ్చినోళ్లకు కాదు. ఇంటికి వచ్చినోళ్లను ఉత్తగ పంపుతనా?”

అప్పుడే రశ్మి వచ్చింది. భుజాన చుట్టిన చాప, చేతిలో హెల్మెట్టు. గుమ్మంలో నిలబడి లోపలికి చూసి, మళ్లీ బయటి నంబరు చూసుకుంది.

“మాబెల్ ఆంటీ ఇల్లు ఇదేనా?”

“ఇదేనమ్మా, రా,” అంది ముందు కుర్చీలోని పెద్దావిడ. “మొదటి పాట ఎన్నో నంబరు?”

మాబెల్ గదిలోంచి బయటికి వచ్చింది, బూడిద రంగు పైజామాలో. పదకొండు జతల కళ్లూ ఒకేసారి ఆ పైజామా మీద పడ్డాయి. ఆమె మళ్లీ లోపలికి పోతుందనుకున్నాను. పోలేదు. బడిలోలాగా రెండు చేతులూ ఒకసారి చరిచింది.

“ఇది కూటం కాదు. నా మోకాళ్ల కోసం పెట్టుకున్న. కుర్చీలు గోడకు జరుపుకోండి. చూసేటోళ్లు చూడండి. నవ్వినోళ్లను బయటికి పంపుత.”

“అయ్యగారు ఏమంటరో,” అని ఎవరో నసిగారు.

“అయ్యగారు నా మోకాళ్లు తీసుకొని ఆయన మోకాళ్లు నాకిస్తడా? అడిగి రాపో.”

కుర్చీలు గోడకు జరిగాయి. ఎర్ర నేల బయటపడింది. రశ్మి చాప పరిచింది.

“ముందు ఒక్కటే చూస్త ఆంటీ. నేల మీద కూసొని, దేన్ని పట్టుకోకుండ లేవాలె. ఎంత వస్తే అంత. ఫికర్ చెయ్యకండి.”

మాబెల్ కూర్చోవడానికే కిటికీ చువ్వ పట్టుకోవాల్సి వచ్చింది. లేచేటప్పుడు రెండుసార్లు సగం దాకా లేచి కూలబడింది. మూడోసారి రశ్మి చెయ్యందించబోతే వద్దంది, మళ్లీ కూలబడింది. నుదుటి మీద చెమట. గోడ వెంబడి ఎవరూ నవ్వలేదు. నాకే ఊరుకోవాలనిపించలేదు. ఆమె ముఖం అలా ఉంటే ఏదో ఒకటి చేసి నవ్వించడం నాకు అలవాటు.

“ఇదేం విద్యమ్మా,” అన్నాను. “మా ఊళ్ల మేం ఒక పూటకు వందసార్లు చేసేది. చూడు.”

మాబెల్ పక్కన ధబీమని కూర్చున్నాను. లేచి నిలబడ్డాను. గోడ వైపు తిరిగి, “చూసిన్రా?” అన్నాను.



“అంకుల్, చెయ్యి,” అంది రశ్మి.

“ఏ చెయ్యి?” అని అడిగాను. నిజంగానే అడిగాను. అప్పుడు చూసుకున్నాను. నా కుడి చెయ్యి ఇంకా మాబెల్ ఎడమ భుజం మీదే ఉంది.

“అది తీసి మల్ల కూసోండి.”

కూర్చున్నాను. కొత్తగా తెరిచిన కిటికీలోంచి రైలు కూత వినిపించింది. నాంపల్లి నుంచి ఒక బండి కదిలిపోయింది, ఇంకోటి వచ్చింది. నేను కింద కూర్చునే ఉన్నాను. పదకొండు మంది చూస్తుండగా మా ఇద్దరం పక్కపక్కన, బండి తప్పిపోయినవాళ్లలాగా.

“ఆంటీ,” అంది రశ్మి, గొంతు తగ్గించి, “అంకుల్ ఎప్పటి నుంచి గిట్ల లేస్తున్రు? ఆ బరువంత మీ మోకాలి మీదికే పోతది గదా.”

“యాద్ లేదు,” అంది మాబెల్. “ఊపిరి ఎట్ల పీల్చాల్నో చెప్పు బిడ్డా. టైమయితున్నది.”

అందరూ పోయాక వంటింట్లో నిలబడి చాయ్ తాగాం. నేను అడగాలనుకున్నది అడగడానికి రెండో కప్పు దాకా పట్టింది.

“బల్ల ఉన్న ఆదివారం నువ్వు భుజాన పైట కింద రుమాలు మడిచి పెట్టుకుంటవు గదా.”

“ఔ.”

“చెమటకు అనుకున్న.”

“మంచిగనే అనుకున్నరు,” అంది, గిన్నె తోముతూ.

భార్య కోసం ప్రభువు బల్ల మానుకున్నానని పైన రాశాను కదా, అది కూడా కొట్టేయండి. ఆమె పక్కన లేకపోతే నేను ఆ కటకటాల దగ్గర్నుంచి లేవలేను. ఈస్టర్ నాడు జిప్పోరా వాళ్లు ఆమెను లేపాక, తిరిగి వచ్చి నన్నూ లేపారు. ఆ సంగతి గుడి అంతటికీ తెలుసు. మర్యాదస్తులు కాబట్టి ఎవరూ అనలేదు.

మర్నాడు పొద్దున రశ్మి వచ్చేసరికి రెండు చాపలు పరిచి ఉన్నాయి. రెండోదానికి చోటు కావాలంటే నా పడక కుర్చీ పోవాల్సి వచ్చింది. ఇప్పుడది మెట్ల కింద ఉంది. బిచ్చయ్య అందులో కూర్చుని నాకే నమస్తే పెడతాడు. పదకొండు మందిలో ముగ్గురు మళ్లీ వచ్చి రెండు రోజులు గోడకు కూర్చున్నారు. రోజూ చాయ్ ఉండదని తెలిసి వాళ్లూ మానేశారు. అయ్యగారు ఒకనాడు గుమ్మం దాకా వచ్చి, మేమిద్దరం చేతులు చాచి ఒంటికాలి మీద ఊగుతుంటే చూసి, ప్రార్థన చేసి వెళ్లిపోయారు. మేము పడకూడదనే ప్రార్థించారు.

ఊపిరి లెక్క మనసుకు నచ్చిన దేంతోనైనా పెట్టుకోవచ్చని రశ్మి చెప్పింది. మాబెల్ ఎక్కాలతో పెట్టుకుంది. రెండు ఒకట్ల రెండు, పీల్చు. రెండు రెళ్లు నాలుగు, వదులు. మేలో రెండో ఎక్కం. జూన్ మొదటి వానకు ఆరో ఎక్కం. నేను ఏడో ఎక్కం దగ్గర ఆగిపోయాను. ఏడు ఎనిమిదులు ఎంతో గుర్తొచ్చేలోగా ఊపిరి అయిపోయేది.

జూన్ నడుమ మాబెల్ కుడి మోకాలు పొంగింది. నాలుగు రోజులు కదలొద్దని రశ్మి గట్టిగా చెప్పిపోయింది. రెండో రోజు పొద్దున లేచి చూస్తే మా ఆవిడ కుర్చీలో కూర్చుని, రెండు కాళ్లూ చాపి, తొడలు బిగించి వదులుతోంది. పెదాలు తొమ్మిదో ఎక్కం చదువుతున్నాయి.

జిప్పోరా బతిమాలింది. “అక్కా, జర ఆగస్టుకు పెట్టుకో. బల్ల ఏడికి పోతది?”

“క్యాలెండర్ల సున్న చుట్టిన,” అంది మాబెల్. “చెరుపుడు రబ్బరుతోని పోదు. ఎర్ర పెన్ను.”

జూలై మొదటి ఆదివారం. ఆమె తెల్ల చీర కట్టుకుంది. భుజం వైపు చూశాను. రుమాలు మడత లేదు. దారిలో నేను నాలుగు మాటలన్నాను, ఆమె పెదాలు వేరే ఏవో లెక్కలు చదువుతున్నాయి. లోపల ఎక్కాలు నడుస్తున్నాయని తెలుసుకుని ఊరుకున్నాను.

మా వరుస పిలిచారు. జిప్పోరా వెనక బెంచీ చివరికి జరిగి కూర్చుంది, అవసరమైతే పరుగెత్తడానికి. మాబెల్ కటకటాల ముందు నిలబడి, ఎడమ కాలు ముందుకు వేసి, తొడ మీద చెయ్యి ఆనించి, కుడి మోకాలు నేలకు దించింది. తర్వాత రెండోది. నేనూ దిగాను. అయ్యగారు వచ్చారు. రొట్టె. ద్రాక్షారసం. ఆమెన్ ఒక్కసారే అంది.

లేవాల్సిన వేళ నా చెయ్యి దానంతటదే పైకి లేచింది. లేచిన చెయ్యిని చూశాను, వెనక్కి తీసుకున్నాను, నా మోకాలి మీద పెట్టుకున్నాను. ఎడమ పాదం ముందుకు. ఏడు ఒకట్ల ఏడు, పీల్చు. లేచి నిలబడ్డాను. పక్కన మాబెల్ కూడా నాతో సమానంగా లేచింది. వెనక తర్వాతి వరుస వాళ్లు ఒక్క క్షణం కూడా ఆగాల్సిన పని పడలేదు.

ఇంతవరకు రాసిందాంట్లో ఇంకొక్క చోట కల్పించాను. ఏనుగు అనుకుంటారు. ఏనుగు జోలికి పోకండి. నేను కల్పించింది చెయ్యి వెనక్కి తీసుకోవడం. నేను తీసుకోలేదు. అది అలవాటు ప్రకారం పక్కకే పోయింది, భుజం కోసం గాలిలో వెతికింది. అక్కడ భుజం లేదు. తల ఎత్తి చూశాను. మాబెల్ ఎప్పుడో లేచి నిలబడి, పైట సర్దుకుని, నా అంతట నేను లేచేదాకా ఆగి ఉంది.